పందికొక్కు పైనుంచి చూసిన నేల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లకన్నా గోతులే ఎక్కువ. ఎందుకంటే అక్కడ పందికొక్కులు కాపురముండేవి. వాటన్నిటికీ పెద్ద తవ్వోజి. ఎక్కడ గొయ్యి తియ్యాలన్నా ముందు తవ్వోజి రావాలి. చిటికెడు మట్టి నాలిక మీద వేసుకోవాలి. కళ్ళు మూసుకుని, "ఊఁ, తవ్వండి" అనాలి. ఆయన ఊఁ అనకపోతే ఎవరూ గోరు కూడా ఆనించరు. అది వాళ్ళ ఆచారం.

"ఈ నేల గురించి నాకు తెలియనిదంటూ లేదు. ముత్తాతల నాటినుంచీ దీని కడుపులోనే ఉంటున్నాం" అనేవాడు తవ్వోజి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగు ఎండిపోయింది. పిల్లలు తడిమట్టి నాకుతున్నారు.

"మూడు రోజుల్లో నీళ్ళు చూపించు. లేదంటే అందరం మా పుట్టింటి అడవికి పోతాం" అంది తవ్వోజి భార్య బొద్దమ్మ. ఆ అడవి చాలా దూరం. అంత నడక పసివాళ్ళు తట్టుకోలేరని ఇద్దరికీ తెలుసు.

మొదటి రోజు తవ్వోజి రేగుపొద దగ్గర మట్టి రుచి చూశాడు. "ఊఁ, తవ్వండి." తవ్వారు. బండ తగిలింది. "నీళ్ళు దాని కిందే ఉన్నాయి. బండ అడ్డం పడిందంతే" అన్నాడు.

రెండో రోజు ఈతచెట్టు దగ్గర "ఊఁ" అన్నాడు. పొడి సుద్ద బయటపడింది. "ఇప్పుడే ఇటునుంచి వెళ్ళాయి నీళ్ళు. కాస్త ఆలస్యం చేశాం" అన్నాడు.

మూడో రోజు చీమలపుట్ట పక్కన తవ్వించాడు. కోడిగుడ్లలాంటి నున్నటి గులకరాళ్ళు వచ్చాయి. తవ్వోజికి ఒళ్ళు మండి, వాటిని బయట పోయించాడు. తెల్లగా ఒక గుట్ట అయింది. బొద్దమ్మ మూట కట్టడం మొదలుపెట్టింది.

మోడు మీద కూర్చున్న గద్ద పకపకా నవ్వింది. "తవ్వోజీ, ఇన్నిచోట్ల తవ్వావు, ఆ పచ్చ చార మీద తవ్వలేదేం?"

"ఏ చార?"

"అడవంతా ఎండిపోయినా ఆ ఒక్క చార పచ్చపచ్చగా, వంకర్లు తిరిగి ఉంటుంది. ఏ కొండంత పామో పాకిన జాడ అనుకుంటా."

"రోజూ నేను తిరిగే నేల! నాకు కనపడనిది నీకెలా కనపడుతుంది?"

"నువ్వు దాని మీదే తిరుగుతున్నావు మరి. వస్తావా, చూపిస్తా?"

"నీ గోళ్ళకు చిక్కి బతికినవాడు మా వంశంలో లేడక్కా!"

"నా గొంతు పిడచకట్టుకుపోయింది. నిన్ను మింగినా దిగవు. నీళ్ళు దొరికేదాకా నీకేం భయంలేదు."

"దొరికాక?"

"దొరికాక చూద్దాం."

తవ్వోజి మూట వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. "వీపు పట్టుకో. మెడ మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

గద్ద ఎగిరింది. తవ్వోజి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకునే సంబరానికి నీ బొరియ సరిపోయేదిగా!" అంది గద్ద.

పౌరుషం వచ్చి కళ్ళు తెరిచాడు. కింద అడవి గోధుమరంగు గోనెపట్టాలా ఉంది. దాని మీద ఒక పచ్చ చార, మెలికలు తిరుగుతూ పోతోంది. ఆ చార అంచునే తెల్లటి చుక్క. ఏమిటది? తను పోయించిన గులకరాళ్ళ గుట్ట!

"గద్దక్కా, అది పాము కాదు! ఏరు! ఎప్పుడో పూడిపోయిన ఏరు! నీళ్ళలో దొర్లితే తప్ప రాళ్ళకు అంత నునుపు రాదు. నేను ఒడ్డున తవ్వాను, నడిమధ్యన తవ్వాలి!"

"వెయ్యిసార్లు చూశాను, ఏరని నాకెప్పుడూ తట్టలేదే!"

"నువ్వు ఒక్క గొయ్యన్నా తవ్వితే కదా తట్టడానికి!"

కిందికి దిగీ దిగగానే తవ్వోజి చార మధ్యకు పరిగెత్తాడు. ఆ రోజు మట్టి రుచి చూడలేదు. ఊఁ అనలేదు. తనే ముందు గోళ్ళు దించాడు. తడి ఇసుక వచ్చింది. ఇంకాస్త తవ్వితే నీళ్ళు ఊరాయి. పిల్లలు మూతులు ముంచేశారు. బొద్దమ్మ మూట విప్పేసింది.

గద్ద కూడా తాగింది. ముక్కు తుడుచుకుంది. "తవ్వోజీ, గొంతు తడిసింది" అంది తీరిగ్గా.

రెప్పపాటులో నేల మీద ఒక్క పందికొక్కు లేదు.

"ఆ ఏటిని నా ముక్కు ఎప్పుడో పసిగట్టింది" అన్నాడు తవ్వోజి బొరియలోంచి, ఆయాసపడుతూ.

"అవును పాపం. చెప్పడానికి మాత్రం అది ఆకాశం దాకా పోవాల్సొచ్చింది" అంది బొద్దమ్మ.

నవ్వకండి పిల్లలూ, మనమూ అంతే. వేల ఏళ్ళు ఈ నేల మీదే నడిచాం, దున్నాం, తవ్వాం. రోదసిలోకి ఉపగ్రహాలు పంపి పైనుంచి ఫొటోలు తీశాక గానీ, ఎడారి ఇసుక కింద పూడిపోయిన పాత నదుల దారులు కొన్ని మన కంటపడలేదు. కంటపడ్డాక మళ్ళీ కిందికొచ్చి తవ్వి చూసుకోవలసిందీ మనమే.

నీతి: కాళ్ళ కింద ఉన్నదంతా తెలుసనుకునేవాడు ఒక్కసారి దూరంగా వెళ్ళి చూడాలి, దూరం నుంచి చూసినవాడు తిరిగొచ్చి తవ్వి చూడాలి.