ముళ్ళకంపలో చెడుగుడు

చిల్లకొండ అడవిలో కుందేళ్ళు, అడవిపందులు, కోతులు, దుప్పులు ఉండేవి. అడవి నడిమధ్యన ఒక మైదానం ఉండేది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీ. అందరిదీ అంటే ఎవరికీ పట్టనిది అనే కదా! చూసే దిక్కులేక అక్కడ ముళ్ళకంప ఏపుగా పెరిగింది. ఆ కంపలో ఒక తోడేలు చేరింది.

మడుగుకు వెళ్ళాలంటే ఆ మైదానం దాటాలి. వేరే దారి లేదు. పోలమ్మ అనే కుందేలుకు ముగ్గురు పిల్లలు. ఒక సాయంత్రం నీళ్ళకు వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరే తిరిగొచ్చారు.

పోలమ్మ ఏడ్చింది. ఏడ్చి, లేచి, అడవికి పెద్ద అయిన దుప్పి దొరబాబు దగ్గరకు వెళ్ళింది. దొరబాబుకు పెద్ద కొమ్ములు. కొమ్ములకు మించిన గర్వం.

"ఇంటికొకరు వచ్చి కంప కొట్టాలి. ఇది నా ఆజ్ఞ!" అన్నాడు దొరబాబు.

మర్నాడు ఒక్క పురుగు కూడా రాలేదు. ఆజ్ఞ ఇచ్చినవాడూ రాలేదు.

"ఇంకో బిడ్డ పోయేదాకా చూస్తూ కూర్చోవాలా?" అనుకుంది పోలమ్మ. కంప అంచున కాస్త ఖాళీ నేల కనబడితే, అక్కడ కాలితో గీత గీసింది. కంప లోపల రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"చెడుగుడు ఆడేవాళ్ళు రండర్రా! ఓడిన జట్టు బారెడు కంప పీకాలి. అదే పందెం!" అని కేకేసింది.

పని అంటే మొహం చాటేసినవాళ్ళంతా ఆట అనగానే పరిగెత్తుకొచ్చారు. అడవిపంది బోదయ్య కూతకు దూకాడు. ఎవరికీ చిక్కకూడదని పక్కకు ఉరికి, తిన్నగా వెళ్ళి కంపలో పడ్డాడు.

"అయ్యబాబోయ్, నా వీపు! ఇది బరా, పీటా? ఇంత ఇరుకులో ఆడేదెలా?"

"ఇరుకైతే పీకు బావా! ఓడింది నువ్వేగా!" అని కోతులు పకపకా నవ్వాయి.

బోదయ్య తన ఉడుకంతా కంప మీద చూపించాడు. బారెడు పీకమంటే మూడు బారలు వేళ్ళతో సహా పెళ్ళగించాడు.

అంత గోలలో బయటికి రావడానికి తోడేలుకు ధైర్యం చాలలేదు. రోజూ ఆట సాగింది. రోజూ బరి పెరిగింది. తోడేలుకు చోటు తరిగింది. పదో రోజుకు మైదానం అంచున ఉన్న దొరబాబు వాకిట్లోని కంప ఒక్కటే మిగిలింది.

"అన్నా, ఇదీ పీకేస్తాం. తోడేలు అడుగులు నీ వాకిలి వైపే ఉన్నాయి," అంది పోలమ్మ.

"ఇది నా కోటగోడ! ముట్టుకుంటే పొడుస్తా. గంతులేసేవాళ్ళు నాకు బుద్ధి చెప్పడమా? ఫో!"

ఆ సాయంత్రమే ఆట మధ్యలో ఒక్క అరుపు వినిపించింది. తోడేలు దొరబాబు మీదకు దూకింది. పారిపోబోతే ఆ కొమ్ములే కంపలో చిక్కుకున్నాయి. తోడేలు అతని వెనకకాలు పట్టుకుని లాగుతోంది.

కోతులు చెట్లెక్కేశాయి. పందులు కదల్లేదు. పోలమ్మ వెనక ఆమె పిల్లలిద్దరూ ముడుచుకుపోయారు. వాళ్ళను తీసుకుని పారిపోవచ్చు. కానీ ఈరోజు దొరబాబును తిన్నది రేపు ఎవరిని తింటుందో ఆమెకు తెలుసు.

"గుడ్లప్పగించి చూస్తారేం? కూతకొచ్చినవాణ్ణి ఎలా పడతాం? గొలుసు కట్టండి!"

పది రోజుల ఆట ఒంట్లో ఉంది కదా, కాళ్ళు వాటంతటవే కదిలాయి. భుజానికి భుజం ఆనించి అందరూ అర్ధచంద్రంగా మూసుకొచ్చారు. కోతులూ చెట్లు దిగి వరసలో చేరాయి. "చెడుగుడు! చెడుగుడు!" అని అడవి దద్దరిల్లింది.

తోడేలుకు వెనక ముళ్ళు, ముందు గొలుసు. కాలు వదిలి, చిన్నదని పోలమ్మ మీదుగా దూకబోయింది. పోలమ్మ కళ్ళు మూసుకుంది గానీ చోటు వదల్లేదు. పక్కనున్న బోదయ్య కోర తోడేలు డొక్కలో దిగింది. అది కుయ్యోమంటూ మైదానానికి అడ్డంపడి పరిగెత్తింది. దాక్కోవడానికి అక్కడ ఒక్క పొద కూడా లేదు. కొండ దాటేదాకా తరిమారు.

మర్నాడు ఒక కొమ్ము విరిగిన దొరబాబు కుంటుకుంటూ గీత దగ్గరకు వచ్చాడు.

"నన్నూ ఆడనిస్తావా పోలమ్మా?"

"ఆడనిస్తాను. ముందు నీ వాకిలి బాగుచెయ్యి."

దొరబాబు తల వంచుకుని కంప పీకాడు. ఎండ వాలుతుండగా పోలమ్మ పిల్లలు తల్లిని పిలవకుండానే మడుగుకు పరుగు తీశారు. పోలమ్మ వెనక్కి తిరిగి చూడకుండా కూతకు వెళ్ళింది.

నీతి: ఆజ్ఞకు కదలని ఊరు ఆటతో ఒక్కటవుతుంది, అందరి మాటా కాదని తన వాకిట కంప పెంచుకున్నవాడు శత్రువుకు ఇల్లు కట్టిచ్చినట్టే.