బంగారు గ్లౌజుకి కామెర్లు

గెడ్డవలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే దేవుడమ్మ కొడుకులు నలుగురూ ఒక్కసారే చెయ్యెత్తుతారు. పెద్దవాడు గవరయ్య రెండు చేతులూ ఎత్తుతాడు. "సెప్పింది సెప్పినట్టు సేసేవోడికంటే తెలివైనోడు ఎవుడున్నాడో సూపించండి!" అంటాడు. కాదని వాదించే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు.

ఆ ఓపిక అసలే లేనివాడు గవరయ్య మామ సత్తెంనాయుడు. ఓసారి అల్లుడింటికి వచ్చినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. "కాస్త సూస్తండండర్రా" అని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అంతే. అన్నదమ్ములు నలుగురూ పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశారు. పాలు పొంగాయి, చూశారు. పొయ్యిలో పడ్డాయి, చూశారు. గిన్నె మాడింది, అదీ చూశారు. "ఒక్క సుక్క కూడా మా కళ్ళు దాటి పోనేదు మావా!" అన్నాడు గవరయ్య.

సత్తెంనాయుడు ఆ పూటే కూతురు రత్నాలుని వెంటబెట్టుకుని బయల్దేరాడు. "పదిమంది మెచ్చి నీ సేతిలో ఏదైనా ఎట్టిననాడు కబురెట్టు. అప్పుడు తెస్తాను పిల్లని" అన్నాడు పోతూ పోతూ.

రత్నాలు లేని ఇల్లు గవరయ్యకి ఉప్పులేని కూరలా ఉంది. నిజానికి కూరలోనూ ఉప్పు లేదు. ఉప్పు ఎక్కడుంటుందో రత్నాలుకే తెలుసు.

అలాంటి రోజుల్లో బడిలో ఆటల మాస్టారు జోగారావు ఊరివాళ్ళతో బేస్‌బాల్ జట్టు కట్టాడు. ఆ ఆటలో బంతిని కొట్టినవాడు మైదానంలో పరిచిన మూడు దిండ్లనీ తాకుతూ చుట్టూ పరుగెత్తి రావాలి. వాణ్ణి అవుట్ చెయ్యడానికి దిండ్ల దగ్గర కాపలా ఉండి బంతిని ఆపేవాళ్ళు కావాలి. మొదటి దిండు గవరయ్యకి, రెండోది పోలయ్యకి, మూడోది సూరప్పడికి, రెండుకీ మూడుకీ నడుమనున్న సందు చినసింహాలుకి అప్పజెప్పాడు మాస్టారు. పోటీల్లో అందరికంటే బాగా బంతి ఆపినవాడికి బంగారు గ్లౌజు బహుమానమట. ఆ మాట చెవిన పడగానే గవరయ్య కళ్ళముందు రత్నాలు నిలబడింది.

మాస్టారు నలుగురికీ నాలుగు తోలు గ్లౌజులిచ్చాడు. "కొత్త తోలు, గట్టిగా ఉంటుంది. రోజూ నూనె రాసి మెత్తబరచండి. చంటిపిల్లల్ని సాకినట్టు సాకండి" అన్నాడు.

ఇంకేముంది! దేవుడమ్మ కాళ్ళు బారజాపి కూర్చుని, గ్లౌజుల్ని ఒక్కొక్కదాన్నే కాళ్ళమీద పడుకోబెట్టి నువ్వులనూనె మర్దనా చేసింది. సున్నిపిండితో నలిచింది. వేణ్ణీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేసింది. దిష్టిచుక్క కూడా పెట్టింది. తీరా గవరయ్య గ్లౌజు దగ్గరికొచ్చేసరికి గొల్లుమంది. తక్కినవాటికి వేళ్ళు విడివిడిగా ఉంటే దీనికి బొటనవేలు తప్ప అన్నీ కలిసిపోయి చేటలా ఉంది మరి. మొదటి దిండువాడి గ్లౌజు అలాగే ఉంటుంది, దూరం నుంచి విసిరిన బంతి తేలిగ్గా పడాలని. ఆ సంగతి ఆవిడకేం తెలుసు?

"ఓలమ్మోలమ్మ! ఏళ్ళన్నీ అతుక్కుపోనాయిరా! దీని తల్లి గేద కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం సూసుంటాది!"

"ఏడవకే అమా" అంటూ గవరయ్య దాన్ని గుండెకి హత్తుకున్నాడు. "ఏళ్ళు అతుక్కుంటే ఏటి? నా బిడ్డ నా బిడ్డే."

నిజం చెప్పొద్దూ, ఆ తోలుముక్క మీద వాడికి పేగు కదిలింది. మీరు నవ్వండి గానీ, దాన్నలా ఎత్తుకున్నవాణ్ణి చూస్తే మీకూ కాస్త జాలేస్తుంది.

దూలాలకి నాలుగు చీరలు కట్టి ఉయ్యాలలు వేశారు. ఉగ్గుగిన్నెతో పాలు పట్టారు. పాలు తాగిన తోలు ఊరుకుంటుందా? మర్నాటికి కంపు కొట్టింది. ఊళ్ళో పిల్లులన్నీ ఉయ్యాలల కింద చేరాయి. "పిల్లల్ని సూడ్డానికి ఎంతమందొచ్చినారో!" అని దేవుడమ్మ మురిసిపోయింది.

పోటీ రోజు వచ్చింది. "బంతి మిమ్మల్ని దాటి పోకూడదు" అని మాస్టారు హెచ్చరించి, అప్పుడు చూశాడు. నలుగురూ గ్లౌజుల్ని పాతచీరలతో వీపుకి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"అవి చేతికి తొడుక్కోండ్రా!"

"మెల్లగా మాస్టారూ!" గవరయ్య నోటిమీద వేలేసుకున్నాడు. "ఇప్పుడే నిద్దరోనాది."

మాస్టారు తల పట్టుకునేలోగా ఆట మొదలైపోయింది. అంతే! మొదటి బంతిని సూరప్పడు మోకాలిచిప్పతో ఆపాడు. తర్వాతది చినసింహాలు పొట్టతో ఆపాడు. ఆపైన వచ్చినదానికి పోలయ్య నుదురు ఒగ్గాడు. ఆపిన ప్రతి బంతినీ మొదటి దిండుకి విసిరారు. అందుకుని అందుకుని గవరయ్య అరచేతులు బూరెల్లా పొంగాయి.

ఇంతలో ఓ బంతి సూటిగా వాడి మొహం మీదికే వచ్చింది. పక్కకి తిరిగితే వీపున ఉన్న బిడ్డకి తగులుతుంది. ఎలా తిరుగుతాడు? గడ్డం అడ్డం పెట్టాడు. బంతితోపాటు ఓ పన్ను కూడా కింద పడింది. గవరయ్య వీపు తడిమి చూసుకున్నాడు. "అమ్మయ్య, లెగనేదు" అన్నాడు.

జట్టు గెలిచిందో ఓడిందో ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, మొదటి దిండు దాటి ఒక్క బంతీ పోలేదు. బంగారు గ్లౌజు గవరయ్యకే వచ్చింది. ఇత్తడి గ్లౌజూ కాదు, బంగారు గ్లౌజూ కాదు, తెల్లలోహం మీద బంగారురంగు పూసింది. వేదిక మీది పెద్దమనిషి అది చేతిలో పెడుతూ, "గ్లౌజు తొడుక్కోకుండా ఎలా ఆపావయ్యా?" అని అడిగాడు.

"పసిబిడ్డ మీద బంతి పడనిస్తామా బాబూ?"

చమత్కారం అనుకుని జనమంతా చప్పట్లు కొట్టారు. గవరయ్య మామకి కబురు పెట్టాడు. రేపు పొద్దున్నే రత్నాలుని తీసుకొస్తానని, గ్లౌజు కళ్ళారా చూశాకే దిగబెడతానని సత్తెంనాయుడు జవాబు పంపాడు.

బంగారు గ్లౌజు ఇంటికి రాగానే దేవుడమ్మ ఒళ్ళోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మొహం మాడ్చింది. "ఏటిరా, ఒల్లంతా ఇలాగ పచ్చగుంది? పిల్లకి కామెర్లురా!"

ఇంకేముంది! ఇల్లంతా గగ్గోలు. పోలయ్య నేలఉసిరి మొక్కలు పీక్కొచ్చాడు. సూరప్పడు నూరి పసరు తీశాడు. తాగిస్తే తాగలేదు, నెత్తిన పోస్తే పచ్చదనం పోలేదు. చింతపండు పెట్టి తోమారు. కాస్త తగ్గింది. బూడిదతో తోమారు, ఇంకాస్త తగ్గింది. ఇటుకపొడి, కొబ్బరిపీచు తెచ్చి వంతులవారీగా తోమారు. పచ్చదనం అంతా వదిలిపోయింది. గవరయ్య వాచిన చేతులతో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

తెల్లవారింది. సత్తెంనాయుడు వచ్చాడు, వెనకే రత్నాలు. వీధివాళ్ళు గుమిగూడారు.

"ఏదీ అల్లుడా, బంగారు గ్లౌజు?"

గవరయ్య ఉయ్యాల్లోంచి తీసి చూపించాడు. బూడిదరంగులో గీతలు పడి ఉంది అది.

"బంగారం ఏదిరా?"

"వదిలిపోనాది మావా! ఒక్కపూటలో నయం సేసినాం!"

సత్తెంనాయుడు నెత్తి కొట్టుకున్నాడు. "పదవే రత్నాలూ! ఈ కొంపలో నిన్నొదిలితే నా అంత ఎర్రోడు ఉండడు."

గవరయ్య రెండు చేతుల్లో గ్లౌజుతో అలాగే నిలబడిపోయాడు. కష్టపడి నయం చేసినందుకు పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోతోందో వాడికి బోధపడలేదు.

రత్నాలు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి వాడి చేతుల్లోంచి గ్లౌజు తీసుకుంది. వెలుతురులో పెట్టి చూసింది. తాకి చూసింది.

"ఓలమ్మ! కామెర్లు తగ్గితే సరిపోయిందేటి? ఒంట్లో నెత్తురుసుక్క నేదు. ఎలాగ పాలిపోనాదో సూడండి! ఒల్లు సల్లగైపోనాది! నానా, నువ్వెల్లు. నాను రాను. ఇంత జబ్బుపిల్లని ఈ మగోల్లకొదిలి ఎలాగొత్తాను? బజారులో బీట్‌రూట్‌లుంటే గంపెడు పంపించు."

గవరయ్య మొహం చేటంత అయింది. సత్తెంనాయుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. గబగబా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"బుర్రుందేటే నీకు? పసిగుడ్డుకి బీట్‌రూట్ అరుగుతాదేటి? ముందు దానిమ్మరసం పట్టు!"