ఆరు రోజులుగా తిరుగుతున్న ముల్లు

దమయంతికి కావలసింది ఒక్క సంతకం. శిక్షణ ఇస్తున్న దాలినాయుడు గారు అది పెడితే పోలీసు బాంబు దళంలో చేరిపోతుంది. పెట్టకపోతే సోమవారం నుంచి మళ్ళీ పాత చోటే, ఖజానా గేటు ముందు తుపాకీ పట్టుకుని నిలబడాలి.

ఆయనేమో పెట్టడు. ఎందుకు పెట్టడో చెప్పడు కూడా.

ఆ పిల్ల వేళ్ళ సంగతి ముందు చెప్పాలి. పుట్టింది పలాసలో. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టింది. పప్పు విరక్కుండా, చేతిని పొక్కించే జీడి అంటకుండా తీయడమంటే మాటలా? అలాంటి వేళ్ళకి వైర్లొక లెక్కా? శిక్షణ మైదానంలో దాలినాయుడు గారు ఏ సంచిలో ఏం దాచినా నాలుగు నిమిషాల్లో విప్పేసేది. ఆ సంచుల్లో పేలుడు మందు ఉండదు. తప్పు చేస్తే ఎర్ర బల్బు వెలుగుతుందంతే. దమయంతి చేతిలో ఆ బల్బు ఒక్కసారీ వెలగలేదు. తోటివాళ్ళకి పది నిమిషాలు పట్టేదని ఆమెకి తెలుసు. తెలిసినట్టే నడిచేది కూడా.

పని అవగానే అక్కడే హెల్మెట్ తీసి పక్కన పెట్టి, "టైమెంత సార్?" అని కేకేసేది.

మైదానం ఇవతలి కొసన జీడిమామిడి చెట్టు కింద ఇనుప కుర్చీ. అందులో ఆయన. చేతిలో పాతకాలం స్టాప్‌వాచ్.

"ఇంకా అవలేదమ్మా" అనేవారు.

అయిదు రోజులు ఇదే మాట. ముసలాయనకి నేనంటే గిట్టదు, ఆడపిల్లనని కాబోలు, అనుకుంది దమయంతి. రాత్రుళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

ఆరో రోజు శనివారం. పేర్ల జాబితా ఆ మధ్యాహ్నమే పైకి వెళ్ళిపోతుంది. పొద్దున్నే కొండ మీంచి మంచు దిగి మైదానమంతా పరుచుకుంది. తోటివాళ్ళిద్దరు ఆమెకి పేలుడు తట్టుకునే సూటు తొడిగారు. ముప్పై అయిదు కిలోలు. తల మీద హెల్మెట్ బిగించగానే లోకం చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

"వెళ్తున్నా సార్" అంది.

ఆయన తలూపారు.

నూతిలో మునిగి నడుస్తున్నట్టుంది. తన ఊపిరి తనకే ఎవరిదో అనిపిస్తోంది. నాలుగడుగులు వేసేసరికి వెనకాల మనుషులు లేరు, చెట్టు లేదు. కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియట్లేదు. నడవగా నడవగా ఎప్పటికో తెల్లటి మంచులోంచి ఒక నీలం సంచి మెల్లగా తేలి వచ్చింది, చిన్నప్పుడు బడికి మోసిన సంచిలాగే. ఎందుకో నవ్వొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. మిగతాది వేళ్ళే చూసుకున్నాయి.

హెల్మెట్ తీసేసింది. జీడిపూల వాసన గుప్పున తగిలింది. హాయిగా ఉంది.

"అయిపోయింది సార్!"

విసవిసా నడుద్దామంటే ఆ సూటులో కుదరదు. ఈడ్చుకుంటూ కుర్చీ దాకా వచ్చింది.

"నా తప్పేంటో చెప్పండి సార్. ఇవాళన్నా చెప్పండి."

దాలినాయుడు గారు స్టాప్‌వాచ్ ఆమె అరచేతిలో పెట్టారు. ముల్లు తిరుగుతూనే ఉంది.

"ఆపలేదా సార్?"

"మొన్న సోమవారం మొదటిసారి 'వెళ్తున్నా' అన్నావు చూడు, అప్పుడు నొక్కాను."

"ఆరు రోజులా! ఆగిపోదా?"

"పొద్దునా సాయంత్రం కీ ఇస్తున్నాగా."

"నేను రోజూ వస్తూనే ఉన్నాను కదా సార్."

ఆయన మైదానం వైపు చూశారు. ఆమె కూడా చూసింది. మంచు కాస్త విడింది. విప్పిన సంచి పక్కన తన హెల్మెట్ కనిపించింది, మెడ దాకా నేలలో పాతిన మనిషి తలలా.

"దాని పక్కన రాయి ఉంది, చూశావా?" అన్నారాయన నెమ్మదిగా. "దాని కింద ఇంకోటి ఉంది. సోమవారం నుంచీ ఉంది."

ఆ రాయి మీదే మొన్న దమయంతి చెయ్యి ఆనించి లేచింది.

స్టాప్‌వాచ్ ఆయన చేతికిచ్చి, తోటివాడి హెల్మెట్ అడిగి తీసుకుని తలకి పెట్టుకుంది. బిగించే ముందు ఒకసారి ఆగింది.

"వెళ్ళొస్తాను సార్."

మళ్ళీ మంచు, మళ్ళీ ఊపిరి. ఈసారి వేళ్ళని తొందరపడనివ్వలేదు. ముందు చుట్టూ చూసింది, తర్వాత రాయిని, తర్వాత రాయి కింద ఆకుల్ని. ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలియదు. పని ముగించి, వదిలేసిన హెల్మెట్‌ని చంకన పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి నడిచింది. చెట్టు కనిపించింది. కుర్చీ కనిపించింది. కుర్చీ ముందు నేల మీద చతికిలబడి, అప్పుడు తీసింది తల మీది హెల్మెట్.

మొదట వినపడిన చప్పుడు, టక్కుమని స్టాప్‌వాచ్ ఆగడం.

టైమెంతని ఆమె అడగలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

"వచ్చావా తల్లీ?"

"వచ్చాను సార్."