రూపాయి బిళ్ళంత చోటు

"గురువుగారూ, నా ముద్ర నేనెప్పుడు వేసుకోవచ్చు?" అని నూకరత్నం అడిగింది. ఏడేళ్ళు ఓపిక పట్టి మరీ అడిగింది.

గురువు కూర్మాచారి గారు. బల్ల చుట్టూ నలుగురూ చేరి, ఒక్కొక్కరు ఒక్కో వీరుడిగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించుకునే ఆట ఒకటుంది. దానికి కావలసిన వేలెడు మనుషుల్నీ, జానెడు కొండల్నీ, మూరెడు కోటల్నీ ఆయన కంప్యూటర్లో మలిచి, ప్రింటరులో పొర మీద పొర పోయించి, రంగులు వేసేవారు. అది మామూలు చెయ్యి అనుకున్నారా! ఆయన గుర్రం బొమ్మకు గడ్డి వెయ్యబోయినవాళ్ళు విజయనగరంలో ఇప్పటికీ ముగ్గురున్నారు. ఆయన అగ్నిపర్వతం పక్కన పెట్టి మరిచిపోయిన టీ పూటంతా చల్లారలేదు. ఆయన కొట్టులో కట్టుబాటు ఒక్కటే. బొమ్మ అడుగున చేసినవాళ్ళ ముద్ర ఉండాలి. అది గురువు ఒప్పుకున్నాకే పడాలి. ఒకసారి కంప్యూటర్లోని నమూనాలో పడిందంటే, ఏ దేశంలో ఎవరు ప్రింటు తీసుకున్నా అడుగున ఆ పేరే వస్తుంది. మరి దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడాది నూకరత్నం కొండకోట ఒకటి చేసింది. తొమ్మిది నెలల పని. మెట్టు మెట్టుకీ అరుగుదల, రాయి రాయికీ నాచు, కొనకొమ్మున కాకి, కాకి ముక్కున పుల్ల. గూడు కట్టుకుందామని పావురాలు జంటలు జంటలుగా వచ్చి కిటికీ దగ్గర తగువులాడుకున్నాయి. ఆచారిగారు కోట చుట్టూ ఒకసారి తిరిగారు. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు.

"ఆదివారం జరీనా మేడమ్ ఇంట్లో ఆట ఉంది. ఇది వాళ్ళ బల్ల మీద పెట్టి, ఆట అయ్యేదాకా కూర్చుని రా, అమ్మా."

జరీనా కాలేజీ లెక్చరరు. అక్కడ ఆట నడిపేది ఆమే. ఆడేవాళ్ళలో పెద్దాయన భానోజీరావు గారు, సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళుగా ఆయనది ఒకటే బొమ్మ: దివిటీ పట్టుకున్న ముసలి సిపాయి. పన్నెండేళ్ళ కథా ఆ వేళతో ముగుస్తుంది. సిపాయి కోట కొనకొమ్ముకెక్కి దివిటీ వెలిగిస్తే, లోయలో చిక్కుకున్న జనానికి దారి కనబడుతుంది.

కోటను చూసి అందరూ లేచి నిలబడ్డారు. నూకరత్నం గుండె చప్పుడు ఊరి నడుమ గంటస్తంభం దాకా వినబడే ఉంటుంది.

పాచికలు కలిసొచ్చాయి. భానోజీరావు గారు సిపాయిని మొదటి మెట్టు మీద పెట్టారు. పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. బొమ్మ కాళ్ళ కింది బిళ్ళ రూపాయంత. ఆమె చెక్కిన మెట్టు వడ్లగింజంత.

"బాబాయి గారి సిపాయికి ఎత్తంటే కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి!" అని ఒక కుర్ర వకీలు నవ్వాడు.

"కిందే ఉంచండి సార్, ఎక్కినట్టే అనుకుందాం," అంది జరీనా.

"అనుకోడానికైతే కోట ఎందుకమ్మా," అంటూ ఆయన మూడోసారి పెట్టారు. సిపాయి దొర్లుకుంటూ వచ్చి నూకరత్నం పాదాల దగ్గర ఆగాడు.

ఆయన తప్పు చేసినవాడిలా నవ్వారు. "నీ కోటకేం లోపం లేదు తల్లీ. నా చెయ్యే వణుకుతోంది."

సిపాయిని అందిస్తూ ఆమె ఆ చేతిని చూసింది. నలభై ఏళ్ళు గొలుసు పట్టి పొలాలు కొలిచిన చెయ్యి. అది వణకడం లేదు.

ఆమె సంచిలోంచి చిన్న రంపం, ఆకురాయి తీసింది. ఒక రూపాయి అడిగి తీసుకుని మెట్ల మీద పెట్టి కొలిచింది. నాలుగేసి మెట్లు కోసి ఒక్కో చదును చేసింది. నాచు రాలింది, అరుగుదల రాలింది. చివరికి కాకిని కూడా విరిచేసింది. సిపాయి నిలబడవలసిన చోటు అదే మరి. ఆ రంపం చప్పుడుకి వీధిలో కుక్కలు సైతం మొరగడం మానేశాయి.

భానోజీరావు గారు సిపాయిని చదును మీంచి చదును మీదికి ఎక్కించుకుంటూ కొనకొమ్మున పెట్టారు. మెల్లగా చెయ్యి తీశారు. "వెలిగించాను," అన్నారు.

మర్నాడు ఆమె ఆ గాయాల కోటను గురువు ముందు పెట్టింది.

"చెడగొట్టాను గురువుగారూ. కంప్యూటర్లో నమూనా కూడా ఇలాగే మార్చేస్తాను. ముద్ర సంగతి వచ్చే ఏడు అడుగుతాను."

ఆచారిగారు రంగు లేచిపోయిన ఆ మెట్ల మీద బొటనవేలితో నెమ్మదిగా రాశారు.

"సిపాయి నిలబడ్డాడా?"

"నిలబడ్డాడండీ."

"మరి ముద్రకి నన్నెందుకు అడగడం?" అన్నారు.