ఓబళుడు వదిలేయబోయిన పదకొండు మాటలు

ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం మల్లావధానుల వారికి అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. అందుకని ఆయన పాఠశాలలో కట్టెలు నిండుకున్న రోజున శిష్యులెవరూ ప్రశ్నలు అడిగేవారు కాదట. పని ముగించుకొని వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు. రెండూ ఆయనకు సమ్మతమే.

పాలెగాళ్ళ కాలం నాటి మాట ఇది. అవధానుల వారి పాఠశాల పెన్న ఒడ్డుకు ఆమడ దూరంలో ఉండేది. పాత గ్రంథాలను తాటాకుల మీద తిరగరాయడం అక్కడి శిష్యుల పని. వాళ్ళందరిలో ఓబళుడి చేతిరాత ముత్యాల్లా ఉండేది. పాతికేళ్ళవాడు. తెలివైనవాడు. ఆ సంగతి అతనికి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఆ ఏడు భాద్రపదంలో గుట్టల వైపు నుంచి ఒక పాలెగాడి కబురు వచ్చింది. పాలెగాడంటే ఎంతో అనుకునేరు, ఇరవై ఏళ్ళ కుర్రవాడు, పేరు హనుమప్ప నాయకుడు. ఎండాకాలంలో తండ్రి పోయాడు. విజయదశమినాడు మూడు వందల మందితో దండు కదలాలి. అంతకు ముందు ఎన్నడూ దండు నడిపినవాడు కాదు. "మా నాయన ఉంటే అడిగేవాణ్ణి. ఇప్పుడు అడగడానికి నాకెవరూ లేరు. మీ దగ్గరున్న యుద్ధం పుస్తకం రాయించి పంపండి" అని మనిషితో చెప్పించాడు. అవధానుల వారు ఆ పని ఓబళుడికి అప్పగించారు.

మూడో రోజున ఓబళుడు గంటం పక్కన పెట్టి గురువు దగ్గరికి వచ్చాడు.

"అయ్యవారూ, ఒక సందేహం."

అవధానుల వారు కట్టెల దొడ్డి వైపు ఒకసారి చూశారు. నిండుగానే ఉంది. "అడుగు" అన్నారు.

"ఇందులో గరుడ వ్యూహం, మకర వ్యూహం చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కాని నడుమ నడుమ ఇవేమిటండీ? ఆకలిగా ఉన్నవాణ్ణి కావలికి నిలపరాదు. ఎదుటివారు ఎందరో తెలియక అడుగు వేయరాదు. ఆకాశం తేటగా ఉన్నా ఎండిన ఏటిలో దండును విడిదికి దించరాదు. ఇలాంటివి పదకొండు ఉన్నాయి. ఇవి చెప్పడానికి పుస్తకం కావాలా? మన వడ్లు దంచే లక్కమ్మవ్వను అడిగినా రోకలి ఆపకుండా చెబుతుంది. పూర్వులు ఇంత తెలిసిన సంగతులు ఎందుకు రాసినట్టు? మన దగ్గర చూస్తే ముప్పయి ఆకులే మిగిలాయి. ఈ పదకొండూ వదిలేస్తే పుస్తకం తేలికవుతుంది. నాయకుడు చదివి నవ్వకుండానూ ఉంటాడు."

"ఆకులు చాలకపోతే ఆకులు తెచ్చుకోవాలి గాని, మాటలు తీసేస్తారటయ్యా?" అన్నారు అవధానుల వారు. "వాగు అవతల తాటితోపుల ఊళ్ళో ఆకు సిద్ధంగా ఉందట. రేపు సుంకన్న బండి కట్టుకొని వెళ్ళి తీసుకురా. వచ్చాక చూద్దాం."

ఈ కథ చెబుతున్న నాకు అక్షరం ఆలస్యంగా అబ్బింది. ఒక మాటను పనిగట్టుకొని రాసిపెట్టారంటే అది ఎవరికీ తెలియనిదై ఉండాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. కనుక ఓబళుణ్ణి నేనేమీ అనను.

మర్నాడు పొద్దున్నే బండి కదిలింది. ఆ ఊళ్ళో తన చెల్లెలు ఉందని లక్కమ్మ కూడా ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా సుంకన్న తన ఎద్దులతోనే మాట్లాడాడు. నల్లదాని పేరు కరియోడు, మచ్చలదాని పేరు మైలోడు. మైలోణ్ణి దూడగా ఉన్నప్పుడు భుజాన వేసుకొని సంత నుంచి తెచ్చానని ఓబళుడికి రెండుసార్లు చెప్పాడు. ఓబళుడు రెండుసార్లూ ఊఁ కొట్టాడు.

ఆకు బాగా కుదిరింది. కోసి, పసుపు నీళ్ళలో ఉడికించి, నీడన ఆరబెట్టిన ఆకు. ఆ ఊరివాళ్ళ ఒక ఏడాది కష్టం. ఆరు మోపులు బండికెత్తి తిరుగుముఖం పట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. భాద్రపదపు ఎండ ఎలాంటిదో చెప్పాలా! మోపుల మీద కప్పిన గోనె కూడా కాలుతోంది. ఓబళుడు చెయ్యి పెట్టి చూస్తే ఆకుల అంచులు చిటచిటలాడాయి. అలా ఎండిన ఆకు మీద గంటం పెడితే నిలువునా చీలిపోతుంది. అప్పుడు రాతగాళ్ళు చేసే పని ఒకటుంది. మోపును తడి ఇసుకలో కాసేపు పూడ్చి ఉంచుతారు. ఆకు మళ్ళీ మెత్తబడుతుంది.

సరిగ్గా అప్పుడే దారికి అడ్డంగా వంక వచ్చింది. వంకంటే మా వైపు వాన పడితే పారే వాగు. ఆ రోజు అందులో చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక, జానెడు తవ్వితే చల్లటి తడి, ఆ గట్టు మీది కానుగ చెట్టు నీడ సగం దాకా పరుచుకొని ఉంది.

"బండి ఆపు సుంకన్నా. మోపులు ఈ ఇసుకలో పూడ్చి, ఒక గడియ ఆగి పోదాం."

సుంకన్న వంక ఎగువకు చూశాడు. తర్వాత ఎద్దుల వైపు చూశాడు. వాటి నోళ్ళ వెంట నురగ కారుతోంది.

"ఈడనేనా సామీ?"

"ఈడనే. ఏం, ఇంతకన్నా మంచి ఇసుక నీకు తెలుసా?"

"నాకేం తెలుస్తాది సామీ, నేనేమన్నా గంటం పట్టినోణ్ణా" అని సుంకన్న నవ్వి, ఎద్దుల్ని విప్పి పలుపులు చక్రానికి కట్టాడు. లక్కమ్మ ఏదో అనబోయి, నోట్లో వక్క వేసుకుంది. ఓబళుడు ఒక్కసారి తలెత్తి ఆకాశం చూశాడు. దూది పింజంత మబ్బు కూడా లేదు. గుట్టల వెనక, కంటికి ఆనని చోట, తెల్లవారుజామున వాన కురిసి వెలిసిన సంగతి ఆ ఆకాశంలో ఎక్కడా రాసి లేదు.

మోపులు పూడ్చి నీడన కూర్చున్నాక, మొదట రాళ్ళ బాట మీద బండ్లు వస్తున్నట్టు చప్పుడైంది. ఎవరో తోడు దొరికారనుకున్నాడు ఓబళుడు. సుంకన్న అలా అనుకోలేదు. "వంకొచ్చె!" అని ఒకటే కేక. ఎగువ మలుపులో పుల్లలు, నురగ, వాటి వెనక ఎర్రటి నీళ్ళు. ఓబళుడు మోపుల కేసి పరుగెత్తాడు. లక్కమ్మ అతని మణికట్టు పట్టుకొని, ఆ వయసులో అంత బలం ఎక్కడిదో గాని, గట్టు మీదికి ఈడ్చింది. "ఆకులు మళ్ళా కాస్తాయి, రా!" సుంకన్న కొడవలితో కరియోడి పలుపు కోశాడు. రెండో పలుపు మీద కొడవలి పెట్టేలోగా నీళ్ళు నడుముకు వచ్చాయి. బండి ఒక్క తిప్పు తిరిగింది. పలుపు చక్రానికే ఉంది. మైలోడు రెండుసార్లు తల పైకెత్తాడు.

కానుగ నీడ నీళ్ళ మీద అలాగే ఉంది. ఆకాశమూ అలాగే ఉంది.

ముగ్గురు మనుషులు, ఒక ఎద్దు, సాయంత్రానికి కాలినడకన పాఠశాల చేరారు. అవధానుల వారు అరుగు మీద కూర్చొని జరిగిందంతా విన్నారు. మైలోడి మాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నారు. తర్వాత ముగ్గురినీ ఒకటే అడిగారు.

"వంకలో ఆగకూడదని నీకు తెలియదా, సుంకన్నా?"

"తెలీకేం సామీ. మా తాత కాలం నుంచి ఆ వంకలోనే బండ్లు తోల్తాండాం. ఎద్దులు రొప్పుతాండ్య. ఆపమని చిన్నసామి అనె. ఆపనంటే బండోడికి పెత్తనమెందుకంటారు." సుంకన్న చేతిలో కోసిన పలుపు ముక్క ఇంకా ఉంది.

"లక్కమ్మా, నీకు?"

"తెలుసు సామీ. చదువుకున్న బిడ్డ గదా, మనకు తెలీంది ఇంకేందో తెలిసుంటాదిలే అనుకుంటి."

ఓబళుడి వంతు వచ్చింది. "నాకు ఆ వాక్యం గుర్తొచ్చింది అయ్యవారూ. అక్కడే, ఇసుక తవ్వుతుండగానే గుర్తొచ్చింది. అది దండుకు రాసిన మాట, మనం ముగ్గురమే కదా అనుకున్నాను. ఒక్క గడియే కదా అనుకున్నాను."

మర్నాడు అవధానుల వారు పాఠశాల ఎద్దుల్లో ఒకదాన్ని సుంకన్న ఇంటికి తోలించారు. సుంకన్న దాన్ని కట్టేసుకున్నాడు గాని, పేరు పెట్టడానికి చాలా రోజులు పట్టిందట.

విజయదశమి దగ్గరపడింది. మళ్ళీ ఆకు తెచ్చే వ్యవధి లేదు. ఓబళుడు ఆ ముప్పయి ఆకులూ ముందు పెట్టుకొని కూర్చున్నాడు. నాలుగు రోజులు గంటం కింద పెట్టలేదు. అయిదో రోజున పుస్తకం తెచ్చి గురువు ముందు పెట్టాడు. నాయకుడి మనిషి అప్పటికే వాకిట్లో గుర్రాన్ని పట్టుకొని నిలబడి ఉన్నాడు.

అవధానుల వారు ఒక్కొక్క ఆకే తిప్పి చూశారు. గరుడ వ్యూహం లేదు. మకర వ్యూహం లేదు. పదకొండు మాటలూ ఉన్నాయి. ఎండిన ఏటి మాట మాత్రం ఆకు నిండా, పెద్ద అక్షరాలతో ఉంది.

"వ్యూహాలేవీ?"

"ఆకులు చాలలేదు అయ్యవారూ."

అవధానుల వారు ఆకుల రంధ్రంలోంచి తాడు దూర్చి, చుట్టూ బిగించసాగారు. ఓబళుడు అక్కడే తచ్చాడాడు.

"నాయకుడు చదివి నవ్వుతాడేమోనండీ. నేనే నవ్వాను. కింద మన వంక సంగతి కూడా రాయనా? ఈ ఏటి మాట రాసినాయన ఎవరో గాని గొప్ప ముందుచూపున్న మనిషి. ఆ సంగతి చెబితేనైనా నమ్ముతాడేమో."

అవధానుల వారు ముడి వేసి, పుస్తకాన్ని రెండు చేతులతో నాయకుడి మనిషికి అందించారు. గుర్రం మలుపు తిరిగేదాకా చూసి అన్నారు:

"అది రాసినాయన మాత్రం, తెలియక దించాడా నాయనా, ఎండిన ఏటిలో తన దండును?"