మేడ నీడ

ముత్యాల వర్తకుడు ఉప్పుమడుల పక్కన మేడ కట్టాడు.

ఒకప్పుడు అతను ఆ మడుల్లోనే కూలీ. తనతోపాటు ఉప్పు తీసే ఒక పిల్లని ప్రేమించాడు. “ఏం పెట్టి పోషిస్తావు?” అని ఆమె తండ్రి అడిగితే సంపాదన కోసం ఓడెక్కాడు. పన్నెండేళ్లకి సంపన్నుడై తిరిగొచ్చేసరికి ఆమె మరొకరి భార్య, ఇద్దరు పిల్లల తల్లి.

అతని మనసు మాత్రం మళ్లలేదు. పై అంతస్తులో కూర్చుంటే మడిలో వంగి పనిచేసే ఆమె కనిపించేది. ఒక్కసారి తలెత్తి చూస్తే తానేం పోగొట్టుకుందో ఆమెకే తెలుస్తుందనుకున్నాడు. ఆమె చూడలేదు. మరో అంతస్తు వేయించాడు. అప్పుడూ చూడలేదు. అలా మూడేళ్లలో మేడ ఏడంతస్తులైంది.

ఒక రోజు మధ్యాహ్నం ఆమే వచ్చింది. వస్తుంటే పైనుంచి చూసి, అతను గబగబా దిగి పట్టు తివాచీ పరిపించాడు. ఆమె బురద కాళ్లతో గుమ్మం అవతలే ఆగిపోయింది.

“లోపలికి రా.”

“వద్దు బాబుగారూ. ఒక్క మాట చెప్పుకుని పోతాను.”

“నన్ను బాబుగారూ అంటావా?”

ఆమె మడి వైపు చెయ్యి చూపించింది. “మధ్యాహ్నం తిరగ్గానే మీ మేడ నీడ మా మడి మీద పడుతోంది. ఎండ చాలక ఉప్పు పేరడం లేదు. రెండేళ్లుగా పిల్లలకి గంజే పోస్తున్నాను.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎవరి కోసం కట్టారో నాకు తెలుసు. మా ఆయన గొడవకొస్తానంటే నేనే ఆపాను. మీ మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకున్నాను. ఇక నావల్ల కాలేదు.”

ఆమె వెళ్లిపోయింది. అతను మూడేళ్లు రోజూ ఆమెనే చూశాడు. ఆమె ఉప్పు బుట్ట ఖాళీగా ఉందని ఒక్కనాడూ చూడలేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

మర్నాడే కూలీలని పిలిపించాడు. పైనుంచి ఒక్కో అంతస్తే విప్పించాడు. ఆఖరి గోడ దగ్గర తనే గునపం అందుకున్నాడు.

ఊరు ఊరంతా పోగైంది.

“నిక్షేపంలాంటి మేడ! ఎందుకయ్యా పడగొట్టావు?” అని అడిగాడొక ముసలాయన.

“పునాదిలోనే తప్పుంది,” అన్నాడతను, ఎవరి మొహమూ చూడకుండా.