తెరచాప కుట్టిన చెయ్యి

అనగా అనగా, ఓడలు గాలివాటున నడిచే రోజుల్లో, గవ్వలరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్లో సరంగు ఎర్రయ్య సరుకుల బేరానికి పెద్ద ఓడ కట్టాలని తలపెట్టాడు. ఒక్కడి సొమ్ముతో అయ్యే పనా అది? అందుకని ఓడను నూరు వంతులు చేశాడు. వంతుకు పది వరహాలు పుచ్చుకుని, ముద్ర వేసిన తాటాకు ఇచ్చాడు.

"ఈ ఆకు ఓడ కాదు, ఓడలో మీ వంతుకు గుర్తు," అన్నాడు. "ఓడ లాభంతో వస్తే అందులో మీకు వంతు. మునిగితే మీ వంతూ మునిగినట్టే. ఆకు ఎవరి చేతిలో ఉంటే వంతు వారిది. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు."

తెరచాపలు కుట్టే నూకాలు, భర్త పోయిన మనిషి, ఉన్న రెండు గేదెలనూ అమ్మి ఒక ఆకు కొంది. ఇద్దరు పిల్లల కూడు ఇక ఆ ఆకులోనే ఉంది. ఆ ఓడకు తెరచాప కుట్టింది కూడా ఆమే.

ఓడ వెళ్లింది. రావలసిన నెల దాటింది. ఊరికి భయం పట్టుకుంది.

మొదటిరోజు ఒక జాలరి, "నడిసంద్రంలో కారుమబ్బు చూశాను" అన్నాడు. అంతే, పది వరహాల ఆకు అయిదుకు దిగింది. రెండోరోజు ఖాళీ నీళ్లపీపా ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆకు ఒక్క వరహాకు దిగింది. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. మగవాళ్లకు అన్నం సయించలేదు.

మూడోరోజు చిరిగిన తెరచాప వచ్చి ఇసుకలో పడింది. ఊరంతా గొల్లుమంది.

నూకాలు వెళ్లి, ఆ గుడ్డ మూలలు తడిమి చూసింది.

"ఇది ఎర్రయ్య మావ ఓడది కాదు. నేను మూలమూలకీ మూడు ముడులేస్తాను. దీనికి ఒకటే ఉంది."

"అయితే ఓడ వస్తుందంటావా?" అన్నారు.

"అది నేనెరగను. భయం నాకూ ఉంది."

"ముడిని నమ్ముకుని కూర్చోమంటుంది, పిచ్చిది!" అని అందరూ ఆకులు అమ్ముకోవడానికి పరుగుతీశారు.

ధాన్యం కొట్టు రత్నయ్య శెట్టి అంతా విన్నాడు. బియ్యం బస్తా విప్పి కూర్చున్నాడు. ఆకుకు ఒక మానిక బియ్యం! జనం తోసుకుంటూ వచ్చి అమ్ముకున్నారు. నూకాలు ఒక్కతే రాలేదు. చివరికి శెట్టి నూకాలు గుమ్మంలోకీ వచ్చాడు.

"పిల్లలు ఏడుస్తున్నారు కదే. నీకైతే రెండు మానికలిస్తాను."

నూకాలు బియ్యం వైపు చూసింది. పిల్లల వైపు చూసింది. కన్నీళ్లు ఆగలేదు.

"వద్దు శెట్టిగారూ," అంది. ఆ పూట పిల్లలకు ఉడికించిన తోటకూరే పెట్టింది.

ఎదురుగాలికి పరాయి రేవులో ఆగిపోయిన ఓడ, ఏడోనాడు నిండు సరుకుతో వచ్చింది. ఊరంతా ఒడ్డుకు పరుగెత్తి కేకలు వేసింది. అంతలోనే అందరికీ ఆకులు గుర్తొచ్చి, కేకలు ఆగిపోయాయి.

నూకాలు వంతుకు నాలుగు గేదెల సొమ్ము వచ్చింది. మిగతా జనం శెట్టి మీద పడ్డారు.

"ఓడ వస్తుందని నీకు ముందే తెలుసు!"

"నాకేం తెలుసు? తెరచాప కుట్టిన చెయ్యి ఆకును వదల్లేదు. అది చూసి కొన్నాను," అన్నాడు శెట్టి. "మీరూ చూశారుగా!"

జనం ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు.

కాబట్టి పిల్లలూ, ఆకు ధర పక్కవాడి భయాన్ని చెబుతుంది. దాని విలువ తెలియాలంటే ఆకు వెనకున్న ఓడను ఎరిగి ఉండాలి.